శనివారం కలుపు

కలుపు తీసే ఆడదాని కంటికి తెలియని మొక్క భూమ్మీద లేదు. వైద్యులు వాసన చూసుకోవాలి, చదువుకున్నవాళ్ళు పుస్తకం తిరగేసుకోవాలి. ఏసుమణికి అవేవీ అక్కర్లేదు. మోకాటి లోతు బురదలో నడుము వంచితే చాలు, ఇది వరి, ఇది ఊద, ఇది తుంగ, ఇది ఉండాల్సింది, ఇది పోవాల్సింది అని వేళ్ళకే తెలిసిపోయేది. ఆమెకు సంతకం పెట్టడం రాదు. ఏసు గుడిలో ఆరాధనప్పుడు పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా ఒక్క చరణం తప్పకుండా పాడేది.

ఆమెది మొగలిదిబ్బ. తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రం హోరు ఇంట్లోకి వినబడే ఊరు. భర్త జీవానందం సముద్రపు నీళ్ళతో ఉప్పు పండించే కొటార్లలో కూలి. ఊళ్ళో కలుపు కూలికి పోయే ఆడవాళ్ళ జట్టు ఒకటుండేది, ఎనిమిది మంది. జట్టుకు పెద్ద రెబెక్కమ్మ. అరవై ఏళ్ళు దాటినా ఆమె నడుము వంగిందంటే మళ్ళీ గట్టు చేరేదాకా లేచేది కాదు, నోరు మాత్రం గట్టు చేరాక కూడా ఆగేది కాదు. జట్టులో అందరికన్నా చిన్నది ఏసుమణి.

ఏసుమణికి ఒక అలవాటుండేది. కలుపు పీకిన చోట గుంట అట్లా వదిలేసేది కాదు. పక్కనున్న మంచి మొక్క మొదట్లో రెండు వేళ్ళతో మన్ను అదిమి గానీ ముందుకు జరిగేది కాదు. "నీ మురిపెం తగలెయ్య! జోల కూడా పాడవే మొక్కలకు!" అని రెబెక్కమ్మ ఎకసెక్కాలాడేది. ఏసుమణి నవ్వేసి మళ్ళీ అదే పని చేసేది.

ఇంక ఆదిశేషమ్మ సంగతి చెప్పాలి. ఆమె అదే ఊళ్ళో మాగాణి ఉన్న రైతు ఇంటి పెద్దదిక్కు, ముప్పయ్యేళ్ళ నాడే మొగుడు పోయిన మనిషి. కొడుకు పద్మనాభయ్య సేద్యం చూసుకునేవాడు, కోడలు మాలకొండమ్మ ఇల్లు చూసుకునేది. ఆదిశేషమ్మ మాత్రం పచ్చకామెర్లకు మందిచ్చేది. బుచ్చిరెడ్డిపాలెం నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు ఆ మందు కోసం. ఆదివారం పొద్దు పొడవకముందే ఆమె తలమీద నీళ్ళు పోసుకుని, తడిబట్టతో పెరట్లోని చిన్న మడిలోకి ఒంటరిగా పోయి, ఆకు తుంచుకొచ్చి, తలుపేసుకుని నూరి, ఆవు మజ్జిగలో కలిపి తెచ్చి పోసేది. అట్లా మూడు ఆదివారాలు. ఉప్పు, కారం, నూనె ముట్టకూడదు.

పైసా తీసుకునేది కాదు, పండు తెచ్చినా తీసుకునేది కాదు. మంచి మాట చెప్పినా ఒప్పుకునేది కాదు. మందు తాగినవాళ్ళు దండం పెట్టకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు, పోయొస్తామని అసలే అనకూడదు. పోయొస్తామంటే జబ్బు కూడా వెంటబెట్టుకుని వస్తారట. అందుకని ఆమె చేతి మందు తాగి బతికి బట్టకట్టిన వందలాది మందిలో ఒక్కరు కూడా ఆమెకు కృతజ్ఞత చెప్పి ఎరగరు.

ఆ ఆకు పేరు గుట్టు. ఆదిశేషమ్మ అత్త చచ్చిపోతూ చెవిలో చెప్పింది, రెండో మనిషికి తెలిస్తే ఆకులో పస పోతుందని ఒట్టు కూడా వేయించుకుంది. కానీ వయసులో ఉన్న మొగుడు. "నాకు కూడా చెప్పకూడదంటే?" అని బతిమాలినాడు, అలిగినాడు, చివరికి అన్నం మానేసినాడు. ఈమె చెప్పేసింది. ఏడాది తిరక్కుండా ఆయనకే కామెర్లొచ్చినాయి. తన చేత్తోనే అయిదు ఆదివారాలు పోసింది. పని చేయలేదు. మూడేళ్ళ పద్మనాభయ్యను ఒళ్ళో పెట్టుకుని, ఊరంతా చూస్తుండగా నోటి మీద కొట్టుకుంటూ ఏడ్చిందట, ఈ నోరే ఆయన్ను చంపిందని. ఆ తర్వాత ముప్పయ్యేళ్ళు ఆకు పేరు ఆమె పెదవి దాటలేదు.

ఇక్కడొక సంగతుంది, నవ్వకండి. ఆ ఆకేదో కలుపు జట్టులో ఎనిమిది మందికీ తెలుసు. తెలియకేం? ఎవరూ కనిపెట్టకూడదని ఆదిశేషమ్మ ఆ మడిలో గుంటగలగర, తులసి, పొన్నగంటి, ఇంకా నాలుగు రకాలు కలిపి పెంచేది. కానీ సోమవారం కలుపుకొచ్చిన ఆడవాళ్ళకు ఆదివారం తుంచిన మొదళ్ళు కనబడవా? ప్రతివారం ఒకే మొక్క మొదళ్ళు! అయినా ఎవరూ పైకి అన్న పాపాన పోలేదు. ఆమె దాచుకుంటోంది కాబట్టి వీళ్ళూ దాచిపెట్టినారు. పేరు నేను కూడా ఇప్పుడే చెప్పను. ఆదిశేషమ్మ చెప్పేదాకా ఆగుదాం, అది మర్యాద.

వెయ్యిన్ని తొమ్మిదివందల అరవై రెండులో, వానలు వెలిసి నాట్లు పచ్చబడే రోజుల్లో, ఏసుమణి కూతురు కరుణాకుమారికి అన్నం సయించడం మానేసింది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయాక నిలిచిన బిడ్డ. మొదట వాంతులన్నారు, దిష్టన్నారు. మూడో రోజు ఎండలోకి తీసుకొచ్చి చూస్తే కళ్ళు పసుపు ముద్దలు. జీవానందం బిడ్డను భుజాన వేసుకుని నెల్లూరు ఆసుపత్రికి పోయినాడు. అక్కడి డాక్టరమ్మ మంచిది, దాచకుండా చెప్పింది. "దీనికి సూదులూ మాత్రలూ లేవయ్యా. పడుకోబెట్టండి, చెరుకు రసం పట్టండి, నూనె పెట్టొద్దు" అంది. ఆసుపత్రివాళ్ళే మందు లేదన్నాక ఏసుమణికి మిగిలింది ఆదిశేషమ్మ ఒక్కతే.

ఆదివారం కోడి కూసే వేళకు బిడ్డను ఎత్తుకుని ఆ పెరట్లో నిలబడింది. మిగతా ఆరు రోజులూ ఏసుమణి ఆ ఇంటి వసారా ఎక్కకూడదు. దాహమైతే దోసిలి పట్టాలి, నీళ్ళు పైనుంచి పోస్తారు. ఆదివారం పొద్దున మాత్రం ఆదిశేషమ్మ తానే మెట్లు దిగొచ్చి, ఎవరి బిడ్డయినా సరే గడ్డం పట్టుకుని, తన చేత్తో నోట్లో పోసేది. మందిచ్చే చేతికి మైల లేదని వాళ్ళత్త చెప్పిందట. ఆ మాట మిగతా ఆరు రోజులకు కూడా చెప్పి ఉంటే ఆ అత్త సొమ్మేం పోయేదో నాకు తెలియదు. ఏమైనా, ఆ ముసలి చేయి తన బిడ్డ గడ్డం కింద చూసిన ఏసుమణికి కళ్ళనీళ్ళు తిరిగినాయి. దండం పెట్టబోయి, పెట్టకూడదని గుర్తొచ్చి, చేతులు చెంగులో దాచుకుంది.

ఆ వారం బిడ్డకు తగ్గలేదు సరికదా, గోళ్ళు కూడా పసుపెక్కినాయి. మంచంలోంచి లేవలేకపోయింది. ఏసుమణికి ఇంక ఒకటే ఆలోచన. రెండో మనిషికి తెలిస్తే పస పోతుందన్నారు గదా. నాకు తెలుసు గదా. నాకు తెలిసినందుకే నా బిడ్డకు పని చేయలేదేమో. మోకాళ్ళ మీద పడి, ప్రభువా, ఆ ఆకు నా తలలోంచి తుడిచెయ్యి అని ప్రార్థన చేసింది. తెలిసినదాన్ని తెలియకుండా పోగొట్టమని అడిగిన మనిషిని నేను ఇంకొకరిని వినలేదు.

గురువారం జట్టును ఆదిశేషమ్మ పెరట్లో వంగ మడుల కలుపుకు పిలిచినారు. మందు మడిలోకి మాత్రం రెండేళ్ళుగా ఎవరినీ పోనివ్వడం లేదు. చుట్టూ కంప నాటించి, "ఆ మడి నేనే చూసుకుంటా, మీరెవురూ చేయి పెట్టబాకండి" అని ఆదిశేషమ్మ ఖచ్చితంగా చెప్పేసింది. గుట్టు బయటపడుతుందని ముసలితనపు చాదస్తం కాబోలు అనుకున్నారు అందరూ. ఆ రోజు ఏసుమణి వంగ మొక్కలు చూసుకుంటూ కంప పక్కకు వచ్చి, సందులోంచి మడి వైపు చూసింది. చూసి అట్లాగే నిలబడిపోయింది.

మడి నిండా కలుపు. ఆ మందు మొక్కకు తోబుట్టువులాంటి మొక్క ఒకటుంటుంది. అదే ఎత్తు, అదే ఆకు, ఆకు కింద వరసగా అవే ఆవగింజంత కాయలు. చేత్తో తడిమితే రెండూ ఒకటే. కంటితో చూస్తే మాత్రం మందుది పచ్చకాడ, దీనిది ఎర్రకాడ. చేతికందే అంచునంతా ఎర్రకాడే కమ్ముకుంది, పచ్చకాడ మొక్కలు వెనక చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి. తుంచిన మొదళ్ళన్నీ ఎర్రవి.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మొన్న ఆదివారం ఆదిశేషమ్మ మందు సగం బిడ్డ బుగ్గ మీద పోసింది. రెబెక్కమ్మను చూసి "మాలకొండమ్మా" అని పిలిచింది. వసారా మెట్టు దిగేముందు కాలితో తడిమి చూసుకుంటుంది. ఆదిశేషమ్మ కళ్ళలో పొరలు కమ్మినాయి. ఆ సంగతి కోడలికి కూడా తెలియనివ్వకుండా నెట్టుకొస్తోంది. ఈ యేడు మందు పారడం లేదని, ఎవరికీ గుణం కనబడడం లేదని ఊళ్ళో ఇద్దరు ముగ్గురు గొణుక్కుంటున్న మాట నిజమే, పాపం ఆమెకు తెలియదు.

ఇంటికి పోయే దారిలో ఏసుమణి రెబెక్కమ్మను వెనక్కి లాగి సంగతి చెప్పింది.

"అమ్మకు చెప్పేస్తానక్కా. కాడ ఎర్రదమ్మా, అది కాదమ్మా అని."

"నోరు ముయ్యే! అది కాదంటే ఏది అని అడగదా? నువ్వు చెప్తావు, దాంతో గుట్టు పోయె. సొంత మొగుడికి చెప్తేనే ఆయప్ప దక్కలేదు. నీ బిడ్డ దక్కుతుందా?"

"పోనీ మనమే నూరి పోస్తే? గట్ల మీద బోలెడుంది."

"ఆకు గట్టు మీద దొరుకుతుందే, హస్తవాసి దొరుకుతుందా? నీ చేయీ ఆ చేయీ ఒకటేనా?" అని, రెబెక్కమ్మ నాలుగడుగులు నడిచి, "మాట మాత్రం బయటికి రాకూడదు. అంతే నాకు తెలిసింది" అంది. అంత నోరున్న మనిషీ ఇంటి దాకా మళ్ళీ పలకలేదు.

రెండో ఆదివారానికి మధ్య రెండు రోజులే ఉన్నాయి. చెబితే మందు చచ్చిపోతుంది, చెప్పకపోతే బిడ్డ. శుక్రవారమంతా ఏసుమణి బిడ్డ అరికాళ్ళు నిమురుతూ కూర్చుంది. బిడ్డ కళ్ళు తెరిచి, "అమ్మా, క్రిస్మసుకు నన్ను పాటలో పెడతారా?" అని అడిగింది. "పెట్టకేం నా తల్లీ" అంది. అని, బయటికొచ్చి ఏడ్చింది. ఏడ్చి ముక్కు చీది చెంగుతో తుడుచుకుంటుంటే తట్టింది. నోరు విప్పకూడదు, సరే. తనకు వచ్చిన పని నోటిది కాదు గదా!

శనివారం మిట్టమధ్యాహ్నం, మాలకొండమ్మ పొలానికి అన్నం తీసుకుపోయిన వేళ చూసుకుని, ఏసుమణి దొడ్డిదారిన వచ్చి కంప సందులోంచి లోపలికి దూరింది. మోచేయి గీరుకుపోయింది. కుక్క తోకాడించింది, అది ఎరిగిన మనిషే. మడిలో గొంతుక్కూర్చుని ఎర్రకాడది ఒక్కొక్కటే వేరుతో సహా పీకి ఒళ్ళో వేసుకుంది. పచ్చకాడ దాన్ని మాత్రం కదలనివ్వలేదు. జీవితంలో ఎన్ని ఎకరాల కలుపు తీసిందో గానీ, అంత భయంగా, అంత శ్రద్ధగా తీసింది ఆ నాలుగు మూరల మడి ఒక్కటే. అలవాటు కొద్దీ ప్రతి మొక్క మొదట్లోనూ రెండు వేళ్ళతో మన్ను అదిమింది.

"ఎవురది ఆడ?" వసారాలోంచి ఆదిశేషమ్మ గొంతు.

ఏసుమణి మొక్కల మధ్య ఒదిగిపోయింది. అదృష్టం బాగుండి పక్క మడిలోంచి పెట్ట ఒకటి కేకేసుకుంటూ పరుగెత్తింది. "ఛీ, దీన్ని తగలెయ్య, మడంతా కెలికేస్తుంది" అని ముసలామె అటు తిరిగి పడుకుంది. ఏసుమణి ఒడి నిండా ఎర్రకాడలు మోసుకుపోయి కాలవలో పారేసింది.

ఆదివారం తెల్లవారుజామున బిడ్డను ఎత్తుకుని మళ్ళీ అక్కడ నిలబడింది. ఆదిశేషమ్మ తడిబట్టతో మడిలోకి పోయి వంగింది. చేయి పెట్టింది. చేయి ఆగిపోయింది. మన్ను తడిమి చూసింది, ఒక మొక్క మొదలు తడిమింది, ఇంకో మొక్క మొదలు తడిమింది. కంపకు ఇవతలున్న ఏసుమణి బిడ్డను ఇంకా దగ్గరికి అదుముకుంది. కాసేపటికి ఆమె ఏమీ అనకుండా ఆకు తుంచుకుని లోపలికి పోయింది. మందు తెచ్చి పోసేటప్పుడు మాత్రం ఒక మాట అడిగింది.

"నిన్న ఇటు పక్క వానేమన్నా పడిందా మే?"

"లేదమ్మా."

"సరే, ఇంగ పోండి. తిరిగి చూడబాకండి."

మందు మహిమో, పథ్యం మహిమో, డాక్టరమ్మ చెప్పిన చెరుకు రసమో, దేవుడి దయో, నేనెవర్ని చెప్పడానికి? మూడో ఆదివారం నాటికి కరుణాకుమారి కళ్ళలో తెలుపు తిరిగొచ్చింది. "అమ్మా, ఎండుచేప కాల్చి పెట్టవా" అని అడిగింది. ఆకలి! ఆ ఒక్క మాటకు జీవానందం, ఆరడుగుల మనిషి, గోడకు ఆనుకుని పసిపిల్లాడి మాదిరిగా ఏడ్చినాడు. ఉప్పు కొటారులో పనిచేసే ఇంట్లో నెల రోజులు ముగ్గురూ ఉప్పులేని కూడు తిన్నారు, బిడ్డ తిననిది మేమూ తినమని. పథ్యం తీరిన రోజు అతను కొటారు మేస్త్రీని అడిగి తొలి మడి ఉప్పు గుప్పెడు తెచ్చినాడు, మల్లెపూవంత తెల్లనిది. గంజిలో వేసి ఇస్తే బిడ్డ గిన్నె నాకి, "ఇంకొంచెం" అంది.

క్రిస్మసు వెళ్ళాక ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పి, ఏసుమణిని లేచి సాక్ష్యం చెప్పమన్నారు. ఆమె లేచింది. దేవుడికి స్తోత్రం చెప్పింది. డాక్టరమ్మకు దీవెన అడిగింది. ఆపైన నోరు తెరిచి మూసింది. ఆకు సంగతి చెప్పకూడదు, ఆమె కళ్ళ సంగతి చెప్పకూడదు, మడి సంగతి చెప్పకూడదు. అన్నిటికన్నా ముందు, కృతజ్ఞత చెప్పకూడదు. "ఒక చేయి కోసం ప్రార్థన చేయండి. ఎవురిదని అడగబాకండి" అని కూర్చుండిపోయింది. అయ్యగారికేమీ అర్థం కాలేదు, అయినా ఆ చేయి కోసం గట్టిగానే ప్రార్థన చేసినారు. వెనక వరసలో రెబెక్కమ్మ అందరికన్నా పెద్దగా ఆమెన్ అంది.

నోటితో చెప్పడానికి లేనప్పుడు మనిషి ఏం చేస్తుంది? చేయగలిగింది చేస్తుంది. ఆ శనివారం ఏసుమణి మళ్ళీ కంప దూరింది. వచ్చే శనివారమూ దూరింది. తన బిడ్డకు తగ్గిపోయింది గదా, ఇంకెందుకు అంటే, రేపు ఇంకొకరి బిడ్డ వస్తుంది గదా. ఎర్రకాడది పీకితే పది రోజుల్లో మళ్ళీ మొలిచే రకం. నాలుగేళ్ళు! వాన పడినా, తుఫాను గాలికి ఊరి తాటాకు ఎగిరిపోయినా, తనకు జ్వరమొచ్చినా శనివారం కలుపు తప్పలేదు. మందు పారడం లేదన్న గొణుగుడు ఊళ్ళో ఆగిపోయింది. ఆదివారాలు మళ్ళీ బండ్లు రావడం మొదలుపెట్టినాయి.

అరవై ఆరులో, ఒక బుధవారం పొద్దున, ఆదిశేషమ్మ ఏసుమణిని పిలిపించింది. అప్పటికి ఆమెకు చూపు పూర్తిగా పోయింది, దాచడానికింక ఏమీ లేదు. వసారాలో చాప మీద కూర్చుని ఉంది. ఏసుమణి మెట్ల కింద నిలబడింది.

"పైకి దా. నా పక్కన కూర్చో."

"ఈ రోజు ఆదివారం కాదు గదమ్మా."

"కూర్చోవే! నాకు తెలీదా ఏ రోజో?"

ఏసుమణి భయంభయంగా చాప అంచున కూర్చుంది. ఆదిశేషమ్మ తడుముకుని ఆమె కుడిచేయి పట్టుకుంది. బొటనవేలు, చూపుడువేలు నొక్కి చూసింది.

"ఈ రెండు వేళ్ళే గదా. పదేళ్ళు నా పెరట్లో కలుపు తీసినావు. పీకినాక మన్ను అదిమేది జట్టులో నువ్వొక్కదానివే. ఆ ఆదివారం చేయి పెడతానే తెలిసింది నాకు. దాన్ని పోలిన కలుపునే పీకి దీన్ని ఉంచినావంటే, నీకు ఆకు తెలుసనీ తెలిసింది."

ఏసుమణి చేయి వెనక్కి లాక్కోబోయింది. "అమ్మా, నేను ఎవురికీ..."

"ఉండు, చెప్పనీ. ఆ రోజే అనుకున్నా, ఇంగ నీ బిడ్డకు పని చేయదని. అయినా పోసినా. కానీ తగ్గింది. అదృష్టమనుకున్నా. ఆ తర్వాత వచ్చిన బిడ్డకూ తగ్గింది. నీకు తెలిసీ, నువ్వు వారం వారం ఆ మడిలో చేయి పెడతా ఉన్నా, నాలుగేళ్ళుగా అందరికీ తగ్గతానే ఉంది. ఇదేందని నిద్ర పట్టడం లేదే నాకు." గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. నీకు కాక ఇంకెవురికి తెలుసు?"

ఏసుమణి తల వంచుకుంది. అబద్ధం ఆడదామనుకుంది. తన చేయి పట్టుకున్న ఆ ముసలి చేయి చూసి ఆడలేకపోయింది.

"జట్టు అందరికీ తెలుసమ్మా."

"ఎన్నాళ్ళుగా?"

"మాకు మేము వచ్చినప్పటి నుంచి. రెబెక్కమ్మక్కకైతే... మీ అత్తగారు మందిచ్చే నాటి నుంచి."

ఆదిశేషమ్మ రెండో చేతి వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకుంది. అత్త నాటి నుంచి అంటే, ఆమె కాపురానికి రాకముందు నుంచి. మొగుడు అన్నం మానేసి అలిగిన నాటికి ముందు నుంచి. అన్నేళ్ళుగా ఎవరికో ఒకరికి తెలిసే ఉంది, అన్నేళ్ళుగా ఆకు పని చేస్తూనే ఉంది.

"అయితే," అంది చివరికి, చిన్నపిల్ల అడిగినట్టు, "నేను చెప్పబట్టి కాదా మే ఆయన పోయింది?"

"కాదమ్మా. మీ నోరు ఎవుర్నీ చంపలేదు. ఆయనకు ఆయుస్సు అంతే ఉండింది."

ఆదిశేషమ్మ ఏసుమణి చేతిని మొహానికి ఆనించుకుని ఏడ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా లోపల పెట్టుకున్న ఏడుపు. లోపలి నుంచి మాలకొండమ్మ పరుగెత్తుకొచ్చి, అత్త ఎవరి చేయి పట్టుకుని ఏడుస్తోందో చూసి, అక్కడే నిలబడిపోయింది. తర్వాత లోపలికి పోయి రెండు లోటాల్లో మజ్జిగ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. ఏసుమణి ఆ ఇంటి లోటాతో తాగడం అదే మొదటిసారి.

ఆ ఆదివారం మందు పోయడం అయినాక ఆదిశేషమ్మ ఎవర్నీ పోనివ్వలేదు. కంప తీయించింది. కలుపు జట్టును పిలిపించి మడి ముందు నిలబెట్టింది. దూరం నుంచి వచ్చినవాళ్ళను, కోడలిని, అందరినీ రమ్మంది. పన్నెండేళ్ళ కరుణాకుమారి కూడా తల్లి పక్కన ఉంది. ఆదిశేషమ్మ కోడలి చేయి పట్టుకుని మడిలోకి దిగి, తడిమి, ఒక మొక్క వేరుతో పీకి పైకెత్తింది.

"ఇది నేలుసిరి," అంది. మళ్ళీ గట్టిగా అంది. "నేల ఉసిరి. కాడ పచ్చగా ఉండాల, ఎర్రది కాకూడదు. ఇంటికొక మొక్క పెట్టుకోండి. నా చేయే కావాలని లేదు, ప్రేమగా పోసే చేయి ఏదైనా చాలు. ఇంకొక మాట. పోయేటప్పుడు పోయొస్తామని చెప్పి పోండి. వినాలని ఉంది నాకు."

జట్టు ఎనిమిది మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందుగా రెబెక్కమ్మ బుగ్గ నొక్కుకుంది.

"ఓరి నాయనో! నేలుసిరా తల్లీ! గట్ల మీద కాళ్ళతో తొక్కుకుంటా తిరిగే ఆకా! నలభై యేళ్ళుగా కలుపు తీస్తా ఉండా, ఏనాడన్నా తెలిసిందా నాకు?"

"అవునే, ఎవురనుకున్నారు!" అంది ఇంకొకామె. "చూస్తే ఇంతుంది, దీంట్లోనా అంత గుణముండేది!" అంది మరొకామె. ఏడుగురూ తలా ఒక ఆశ్చర్యం పడినారు, ఒకరిని మించి ఒకరు. ఆదిశేషమ్మ ఆ గొంతులు ఒక్కొక్కటే విన్నది. చూపు లేని కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నవ్వడం మొదలుపెట్టింది. ఒక గొంతు మాత్రం ఇంకా వినబడలేదని అటు తిరిగింది.

"ఏసుమణీ, నీకూ తెలీదా మే?"

"నాకెట్టా తెలుస్తుందమ్మా? ఇప్పుడే గదా మీరు చెప్పింది."